చాలినంత స్పష్టత

నాన్నకి గుండె సీటీ తీశాక ఇచ్చిన సీడీని ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిచాం. బొమ్మలన్నీ ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉన్నాయి. "ఇంత డబ్బు పోస్తే ఇదేంట్రా, పాత దూరదర్శన్‌లా ఉంది!" అన్నారు నాన్న. డాక్టరు రిపోర్టులో మాత్రం మూడు ప్రధాన రక్తనాళాల గురించీ తడబాటు లేకుండా రాశారు. అప్పుడే ఈ గరుకు సంగతేంటో చదవడం మొదలుపెట్టాను.

డిటెక్టర్‌ని చేరే ఫోటాన్లు తగ్గేకొద్దీ నాయిస్ పెరుగుతుంది. అదీ వర్గమూలం లెక్కన. నాయిస్‌ని సగం చేయాలంటే డోసు నాలుగు రెట్లు పెంచాలి. అంటే బొమ్మకి నునుపు ఊరికే రాదు, దాని ఖరీదు రోగి ఒంటి మీద పడుతుంది.

పైగా ఇది గుండె. ఊపిరి బిగబట్టమంటే బిగబడతాం కానీ గుండెని ఆగమనలేం కదా. ఒకప్పుడు ప్రతి స్పందన పొడుగునా ఎక్స్‌రే వెలిగించి, కదలిక తక్కువగా ఉన్న భాగాన్ని తర్వాత ఏరుకునేవాళ్ళు. ఇప్పుడు వీలైన చోటల్లా ఈసీజీ చూసుకుంటూ, గుండె సేదతీరే ఆ కాస్త సమయంలోనే వెలిగిస్తారు. అందుకు గుండె నిమిషానికి 60 దరిదాపుల్లో నెమ్మదిగా కొట్టుకుంటే మంచిది. స్కాన్‌కి ముందు బీటా బ్లాకర్ మాత్ర ఇచ్చేది అందుకే. సన్నటి మనిషికైతే 120 కిలోవోల్టుల బదులు 100 వాడతారు. డోసు తగ్గుతుంది, నాయిస్ పెరుగుతుంది, కానీ రక్తంలోకి ఎక్కించిన అయోడిన్ ఇంకా తెల్లగా మెరుస్తుంది కాబట్టి నాళం అంచు పోదు.

ఇలాంటి చిన్న చిన్న మార్పులన్నీ కలిస్తే ఏమైందో 2018లో వచ్చిన ప్రొటెక్షన్-6 సర్వే చెప్పింది. 2007 నుంచి 2017కి మధ్యస్థ డోసు 78 శాతం తగ్గింది. చదవలేని స్కాన్లు మాత్రం పెరగలేదు. అయితే ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య తేడా ఇంకా చాలా ఎక్కువే.

అలాగని తగ్గించుకుంటూ పోవడమే గొప్ప కాదు. చదవడానికి పనికిరాని స్కాన్‌లో పడ్డ డోసు, ఎంత తక్కువైనా, పూర్తిగా వృథా. మళ్ళీ తీయాలి, లేదా తొడలోంచో చేతిలోంచో గొట్టం పంపి యాంజియోగ్రామ్ చేయాలి. భారీ మనిషికీ, లయ తప్పిన గుండెకీ, స్టెంట్ ఉన్నవాళ్ళకీ ఎక్కువ డోసు ఇవ్వాల్సి రావచ్చు.

ఇక మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ వంతు. తక్కువ ఫోటాన్లతో తీసిన బొమ్మని కొత్త అల్గారిథమ్‌లు శుభ్రం చేసి పెడుతున్నాయి. ఇంజనీర్‌గా నాకు ముచ్చటేస్తుంది. కానీ పుస్తకాల మీద రాసీ రాసీ మరీ నున్నటి వాక్యాన్ని అనుమానించడం అలవాటైంది. నాయిస్‌తో పాటు చిన్న కొవ్వుపేరుడు అంచు కూడా చెరిగిపోతే? గరుకు బొమ్మ తన సందేహాన్ని దాచుకోదు. నున్నటిది దాచగలదు.

అందుకే బొమ్మ ఎంత బాగుందన్నది అసలు ప్రశ్న కాదనిపిస్తోంది. నాళం మూసుకుందా లేదా అని అడిగాం. ఆ జవాబుకి ఎంత వెలుతురు కావాలో అంతే వాడారా? డాక్టరుని అడగాల్సింది అదే.