ఇస్పేటు ఏడు

రత్నాచల్ సామర్లకోట దాటేసరికి నా చేతిలోంచి పేక మూడోసారి జారిపడింది. ఎదురు సీటు పెద్దాయన ముక్కలు ఏరిస్తూ, "రమ్మీకి నలుగురం అవుతాం, వేసేయండి" అన్నాడు. ఆట కోసం కాదండీ, పేకతో మేజిక్ నేర్చుకోడానికి విశాఖ వెళ్తున్నానన్నాను. నెరిసిన నా జుట్టు వైపు ఓసారి చూసి, ముక్కలన్నీ నా ఒళ్లో పెట్టేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. నలభై ఎనిమిదేళ్ల మనిషి సెలవు పెట్టి, పొద్దున్నే బెజవాడలో రైలెక్కి వెళ్లాల్సిన పని కాదిది. అయితే మేం అప్పుడే దాటిన సామర్లకోటకి కాకినాడ కూతవేటు దూరం. బి.వి. పట్టాభిరాం గారికి ఇంద్రజాలం పట్టుబడింది ఆ కాకినాడలోనే, చదువుకునే రోజుల్లో. తర్వాత ఆయన హిప్నాటిజం, మనస్తత్వశాస్త్రం, వ్యక్తిత్వ వికాసం అంటూ చాలా దూరం వెళ్లారు. మా తరానికి మాత్రం ఆయన ముందు మెజీషియన్, తర్వాతే మిగతావన్నీ. 2025లో ఆయన పోయారని పేపర్లో చదివిన రోజు సాయంత్రం అటక మీంచి పాత పేక దింపాను. మళ్లీ పైన పెట్టలేదు.

విశాఖ దాకా వెళ్లకుండా దువ్వాడలోనే దిగిపోయాను. అక్కడినుంచి ఆటోలో కూర్మన్నపాలెం. స్టీల్‌ప్లాంటు ఆర్చి దగ్గర ఆటో నెమ్మదించింది. ప్రైవేటుకి అమ్మొద్దంటూ 2021లో దీక్షా శిబిరం వెలసింది ఇక్కడే. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదానికి ఇది రెండో జన్మ. మొదటి జన్మ 1966 ఉద్యమంలో. నేను వెతుక్కుంటూ వచ్చిన మాస్టారు ఆ ఉక్కులోనే పుట్టి పెరిగిన మనిషి అనొచ్చు. గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టిన బ్లాస్ట్ ఫర్నేసులున్న ప్లాంటులో క్రేను నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు ఆదివారాలు వీధి పిల్లల్ని చేర్చి పేక నేర్పుతారు. మా ఆఫీసులో ఒకతనికి పెదనాన్న అవుతారు.

వాళ్ల హాల్లో బల్ల మీద మడిచిన పాత దుప్పటి పరిచి ఉంది. గట్టి బల్ల మీద ముక్క వేళ్లకి అందదు, మెత్తటి గుడ్డ మీదైతే అంచు చటుక్కున లేస్తుంది. మంచినీళ్లన్నా తాగనివ్వకుండా పేక నా ముందుకి తోసి, "కలుపు బాబూ, చూద్దాం" అన్నారు.

మా మామయ్య ఇంట్లో నేర్చుకున్నట్టే కలిపాను. కుడిచేత్తో పేకని పొడుగువైపు అంచుల దగ్గర పట్టుకుని, పైనుంచి కొన్ని కొన్ని ముక్కలు ఎడమ అరచేతిలోకి లాగి వదుల్తూ. తెలుగునాట రమ్మీ ఆడే ప్రతి ఇంట్లో ఇలాగే పిసుకుతారు. మాస్టారు నవ్వారు. "దీన్ని పట్టుకుని తెల్లోళ్లు పుస్తకాల్లో ఏటని రాశారో తెలుసా? హిందూ షఫుల్! నువ్వు నేర్చుకోడానికొచ్చిందాంట్లో సగం మీ మావయ్యే నేర్పీశాడు."

ఈ ఒక్క రహస్యం మన ఇళ్లలోదే కాబట్టి చెప్పేస్తాను. అలా కలుపుతుంటే కుడిచేతి కట్ట పైనుంచి కరుగుతుంది గానీ, దాని అడుగు ముక్క చివరిదాకా కదలదు. ఆ అడుగు ముక్క ఏదో ముందే చూసి పెట్టుకున్నారనుకోండి. ఎదుటివాణ్ణి ఎక్కడ కావాలంటే అక్కడ 'ఆపు' అనమనండి. ఎక్కడ ఆపినా కుడిచేతి కట్ట ఎత్తి చూపిస్తే కనబడేది అదే ముక్క. తన ఇష్టప్రకారం ఎంచుకున్నాననే అతను అనుకుంటాడు. అంతే. ముప్పై ఏళ్లు కలిపాను, ఒక్కరోజూ నాకు తట్టలేదు.

దీనికో కొసరు కూడా ఉంది. పెర్సీ డయాకోనిస్ అని అమెరికాలో గణిత శాస్త్రవేత్త. పద్నాలుగేళ్లప్పుడు ఇల్లొదిలి డై వెర్నన్ అనే ఉద్దండుడైన మెజీషియన్ వెంట తిరిగి, ఆ తర్వాత లెక్కల్లోకి వచ్చినవాడు. పేకని రెండు సగాలు చేసి, బొటనవేళ్లతో అంచులు వదిలి, ఒకదాంట్లోకి ఒకటి దూరేలా కలిపితే ఏడుసార్లకి చాలినంతగా కలుస్తుందని 1992లో డేవ్ బేయర్‌తో కలిసి తేల్చాడు. లాగి వదిలే పద్ధతులకైతే ఏడు కాదు, వేలసార్లు కావాలి. ఆ లెక్కన మామయ్య ఇంట్లో పేక ఏనాడూ సరిగ్గా కలిసి ఉండదు. ఆయనకి వరసగా పడే జోకర్ల గురించి ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

మధ్యాహ్నమంతా ఒకటే పని: పై రెండు ముక్కల్ని ఒక్క ముక్కలా ఎత్తి తిప్పడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా అంటుకుని ఉండాలి, లేవాలి, బోర్లా పడాలి. నావి కత్తెరలా విడిపోయేవి. పైగా విశాఖ గాలి. రెండు గంటల్లో చెమటకి, తేమకి అట్టముక్కలు ఉబ్బి అప్పడాల్లా వంకర తిరిగాయి. ప్లాస్టిక్ పేక తీద్దామంటే అది సబ్బుబిళ్లలా జారుతుంది. నేను ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంటే మాస్టారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఏటి బాబూ, కోడి పీక పట్టుకున్నట్టు పట్టీసుకున్నావు? ఒగ్గీ. దీన్ని మనోళ్లు ఏటన్నారు? హస్తలాఘవం. లాఘవం అంటే ఏటి? తేలిక. వేగం అన్లేదు కదా!"

నేను చదువుకున్న తెలుగు నాకే అప్పగించినట్టయింది. చెయ్యి కంటికంటే వేగంగా కదుల్తుందని ఎన్నిసార్లు విన్నామో. శుద్ధ అబద్ధం. ఎంత వేగంగా కదిపినా కంటికి దొరికిపోతుంది. దొరకనిది, పట్టించుకోవలసిన అవసరం లేనట్టు కనబడే చెయ్యి. మాస్టారికి ఇది పుస్తకంలో దొరకలేదు, క్రేను మీద దొరికింది. షాపులో హోరు, మాట వినబడదు, కింద మనిషి చేతి సైగతోనే పైన బరువు కదలాలి. "కదిలే చెయ్యినే చూస్తాం బాబూ. రెండో చెయ్యి జేబులో ఉందో, నడుం మీదుందో ఒక్కనాడూ చూళ్లేదు నేను. ఇరవై ఏళ్లు చూళ్లేదు!"

ఆ సాయంత్రం ఆర్కే బీచిలో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఒక బెంచీ చూసుకుని సాధన మొదలెట్టాను. పది నిమిషాల్లో ఇద్దరు వచ్చి చెరో పక్కన కూర్చున్నారు. "లోపలా బయటా? ఎంత కాయ్?" అన్నాడొకడు. మన దగ్గర బహిరంగంగా పేక తీసినవాడికి ఇంకో గౌరవం దక్కదు. రమ్మీ నైపుణ్యపు ఆట, మూడు ముక్కలాట లాంటి జూదం కాదు అని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే. ఆ తీర్పు వాళ్లకి వివరించే ఓపిక లేక పేక జేబులో పెట్టుకుని బజ్జీల బండి వైపు నడిచాను. కన్యాశుల్కంలో మధురవాణి ఎదుట పేకాట వేయించిన గురజాడకి ఈ ప్రాంతం వాళ్ల పేక సరదా బాగా తెలుసనుకుంటాను.

మర్నాడు మాస్టారు నన్ను పాత ఊరికి బయల్దేరదీశారు. బస్సెక్కే ముందు నా పేకలోంచి ఒక ముక్క తీసి నా కుడి అరచేతిలో పెట్టారు. ఇస్పేటు ఏడు. ముక్క అంచులు చిటికెనవేలి చివరికి, బొటనవేలి మొదటికి తగిలి, అరచెయ్యి కాస్త వంగి, పైనుంచి మామూలు చెయ్యిలా కనబడాలి. "మధ్యాన్నం దాకా తియ్యకు. ఆ చేత్తోనే టిక్కెట్టు తీయ్, టీ తాగు, బేరమాడు."

కండక్టరు పట్టించుకోలేదు. ఓల్డ్ పోస్టాఫీసు దగ్గర టీ గ్లాసు మాత్రం చెయ్యి కాల్చింది. కురుపాం మార్కెట్లో అరటిపళ్లకి డబ్బులిస్తుంటే బండి దగ్గర ముసలమ్మ, "సేతిలో ముక్క దేనికి బాబూ, ఆట మజ్జలో లెగిసొచ్చీసినావా?" అంది. మాస్టారు పక్కకి తిరిగి నవ్వుకున్నారు. చెయ్యి అంతగా బిగుసుకుపోయి ఉందన్నమాట. ఆ తర్వాత ఎవరెవరో చూశారు, ఎందరో చూళ్లేదు. లెక్కపెట్టడం ఎప్పుడు మానేశానో తెలియదు.

పాత ఊరి కొసన కొండలు మూడు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడు. మేం చర్చి ఉన్న రాస్ హిల్ ఎక్కాం. కింద సన్నటి కాలువలా రేవు ముఖద్వారం, అవతల డాల్ఫిన్స్ నోస్. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదటగా వచ్చింది ఈ దారినే. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవుని లాంఛనంగా ప్రారంభించాడు. ఇసుక మేట వేసి దారి మూసుకుపోకుండా అప్పట్లో రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుకట్ట చేశారు. "రెండోడల్ని మాయం చేసి రేవుని తీశారు. అసలు మేజిక్కు అదీ" అన్నారు మాస్టారు. ఈ జోకు ఆయన ఎందరికో చెప్పి ఉంటారు, చెప్పే తీరులోనే తెలిసిపోయింది. అయినా బాగుంది.

అప్పుడే ఒక ఎర్రటి పెద్ద ఓడ ముఖద్వారంలోకి వచ్చింది, వెంట చిన్న టగ్గులతో. ఆ ఇరుకులో అంత ఓడ! పట్టదనిపించింది. ఒరుసుకోకుండా, తొందర లేకుండా, దానిపాటికది వచ్చేసింది. "మాస్టారూ, అటు చూడండి!" అని చెయ్యెత్తి చూపించాను.

కుడిచెయ్యి.

గాలికి ముక్క నా తల మీంచి లేచి, రెండు పల్టీలు కొట్టి, కొండవాలు చెట్లలోకి పోయింది. కంగారుగా మాస్టారి వైపు తిరిగాను. ఆయన ఓడని చూడటం లేదు, నా చేతినే చూస్తున్నారు. "ముక్కుందని మర్చిపోయావేటి?" అన్నారు. మర్చిపోయానన్నాను. "మరింక ఆ పాఠం అయిపోయినట్టే" అని మెట్లు దిగడం మొదలెట్టారు.

రెండు ముక్కల్ని ఒక్కటిగా ఎత్తడం ఇంకా పదిసార్లకి నాలుగుసార్లే కుదురుతోంది. పేక మాత్రం అదే వాడుతున్నాను. అందులో ఇప్పుడు 51 ముక్కలున్నాయి.