ఉప్పు మీద తేలే తీపి

బిట్రగుంటలో రైలు దిగి, స్టేషన్ బయట టీ తాగి, జువ్వలదిన్నె వైపు పోయే షేర్ ఆటో ఎక్కాను. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో బిట్రగుంట రైల్వే ఊరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇక్కడ పెద్ద లోకో షెడ్డు నడిచింది. బొగ్గు ఎంత ఉన్నా, బాయిలర్లో పోయడానికి మంచినీళ్లు లేకపోతే ఇంజను కదలదు. సముద్రం ఇంత దగ్గరున్న చోట మంచినీళ్ల సంగతేమిటో చూద్దామనే నా ప్రయాణం.

సోమశిల కింద కావలి కాలువ పారే వరిపొలాలు వెనకబడ్డాయి. తర్వాత రొయ్యల గుంటలు, వాటిలో గిరగిరా తిరిగే ఏరేటర్లు. అవి కూడా దాటాక ఇసుక, సరుగుడు తోటలు, వేరుశనగ చేలు. నేను చూడాలనుకున్న దొరువు అక్కడ ఒక చేను మధ్యలో ఉంది.

"మెల్లగా దిగు సారూ, ఇసక జారద్ది," అన్నాడు ఆ చేను రైతు.

దొరువంటే వాలుగా తవ్విన గుంట. లోతు మనిషిన్నర ఎత్తుకు మించదు. ఆయన భార్య రెండు చేతుల్లో రెండు బిందెలతో దిగి, ముంచి, పైకెక్కి మిరపనారు మీద చిలకరిస్తోంది. ఆమె మళ్లీ దిగేసరికి చుట్టూ ఇసుకలోంచి నీరు ఊరి, గుంట మొదటి మట్టానికి వచ్చేస్తోంది. దోసిట పట్టి తాగాను. కాస్త మట్టివాసన, అంతే. ఉప్పు లేదు.

ఇసుక మీద పడిన వాన నేరుగా కిందికి ఇంకుతుంది. సముద్రపు నీటికంటే తేలిక కాబట్టి, పాల మీద మీగడలా ఆ ఉప్పునీటి పైన తేలుతుంది. తీపినీటి మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు 40 అడుగుల వరకూ తీపినీరే ఉంటుందని లెక్క. ఈ లెక్కనే తిరగేస్తే భయం వేస్తుంది: పైన ఒక అడుగు తగ్గిస్తే కాలక్రమంలో కింద ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. అనంతపురంలో బోరు లోతుకు దింపితే ఆశైనా మిగులుతుంది. ఇక్కడ లోతుకు పోవడమే తెలివితక్కువ పని.

పక్క చేలో బోరు వేసిన సంగతి ఆయనే చెప్పాడు. "మొదటి ఏడు నీళ్లు బెల్లం మాదిరి ఉండె. రెండో ఎండాకాలానికి నోట్లో పెట్టుకోలేకపోయినాం."

రొయ్యల గుంటల ఉప్పు సరేసరి. భూగర్భజలం పాడవుతోందన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1996 డిసెంబరులో తీరప్రాంత నియంత్రణ జోన్‌లో రొయ్యల చెరువులు కూడదని కోర్టు తీర్పిచ్చింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వా చట్టం వాటికి మళ్లీ దారి తెరిచింది. బావి తవ్వాలంటే అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఉంది, అంతే.

ఊళ్లో ఒక పాత బోరింగు తుప్పుపట్టి నిలబడి ఉంది. షోలాపూర్ పంపును మెరుగుపరిచి, యూనిసెఫ్ సాయంతో 1970ల్లో తయారుచేసిన ఇండియా మార్క్ 2 రకం అది. ఆఫ్రికా దేశాల పల్లెలకూ ఇదే వెళ్లింది. ఉప్పుజలంలో దాని ఇనుప గొట్టాలు నిలవవు గానీ, దానిలో నాకు నచ్చే గుణం ఒకటుంది: చేత్తో కొట్టేది కనుక నీటిని ఒక్కసారిగా లాగెయ్యదు. ఇప్పుడు ఊరంతా 20 లీటర్ల క్యాన్లే.

దొరువును బాగుచేసే పద్ధతి లేకపోలేదు. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఒకటి రూపొందించింది. తక్కువ లోతులో రంధ్రాల పైపులను అడ్డంగా పరిచి, పై పొర నీటిని మాత్రం మధ్యలోని బావిలోకి రప్పించి, చిన్న మోటారుతో తోడుకోవాలి. బిందెలు మోసే చాకిరీ తప్పుతుంది. కానీ పక్కపక్కనే నలుగురూ నాలుగు పెడితే కథ మళ్లీ మొదటికే వస్తుంది. 2003 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) తోడ్పాటుతో రైతులే తమ బావుల మట్టం కొలుచుకుని, దానిబట్టి పంట నిర్ణయించుకున్న పథకం ఏడు జిల్లాల్లో నడిచింది. అది పక్కనున్న ప్రకాశం దాకా వచ్చింది, నెల్లూరుకు రాలేదు. ఇలాంటి ఇసుకకే ఆ కొలత ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

బాపట్ల పద్ధతి గురించి ఈ రైతుకు తెలుసు. నలుగురు కలిసి ఒకే బావి పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"అనుకున్నాం సారూ. బావి మా తమ్ముడి చేలో పడద్ది. రెండు సెంట్లు పోద్దని వాడు ఒప్పుకోలా. వాడి పెళ్లాంతో మాట్లాడమని మా ఆడమనిషిని పంపిస్తన్నా."