ఎప్పుడు చేస్తోందండీ?

మెకానిక్ షెడ్డులో నాకు ఒళ్ళు మండించే మాట "చూశాం సార్, ఏమీ కనపళ్ళేదు" అన్నది. దాని వెనకాలే వచ్చే "ఎందుకైనా మంచిది, ప్లగ్గులు మార్చేద్దాం" అన్నది ఇంకా మండిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఓ క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆనక ఒక్క కుదుపుతో ముందుకు ఉరికే జబ్బు ఉందే, అది రోజూ వచ్చేది కాదు. షెడ్డు గేటు దాకా పోనిచ్చి వెనక్కి తెస్తే అసలు కనపడదు. లారీని దాటుతుండగా ఎదురుగా బస్సు వచ్చినప్పుడు కనపడుతుంది. దీన్ని చిన్న విషయమని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

వచ్చిపోయే జబ్బుకి మొదట అడగాల్సింది ఒకటే: ఎప్పుడు చేస్తోంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే లాగి, ఎండలో అరగంట తిరిగాక ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే తడబడుతోందంటే నా అనుమానం ముందు ఇగ్నిషన్ కాయిల్ మీదికి పోతుంది. పాతబడ్డ కాయిల్ వేడెక్కితే ఇన్సులేషన్ కరెంటుని ఆపలేదు. పైగా గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొనల మధ్య ఉండే దాదాపు ఒక మిల్లీమీటరు సందుని నిప్పురవ్వ దాటాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అది అందక మిస్సింగ్ కొడుతుంది. నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఎంతసేపు చూసినా ఇది తెలియదు. మిస్సింగ్ రెండో సిలిండర్‌లో ఉంటే దాని కాయిల్ తీసి మూడో దానికి పెట్టి మళ్ళీ తిప్పి రావాలి. స్కానర్‌లో రెండో సిలిండర్ కోడ్ పి0302 పోయి, మూడో దానిది పి0303 వచ్చిందంటే తప్పు ఆ కాయిల్‌దే. ఇంతవరకూ కొత్త పార్టు ఒక్కటీ కొనక్కర్లేదు.

పొడుగాటి ఎత్తు ఎక్కేటప్పుడు చేస్తుంటే పెట్రోలు పంపు ప్రెషర్, ఫిల్టర్ చూడాలి. పెడల్ ఒకే చోటికి వచ్చినప్పుడల్లా తడబడుతుంటే థ్రాటిల్ సెన్సర్ చూడాలి. ఇక ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ బాడీకి పోయే రబ్బరు గొట్టం. పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతుంటుంది. మడతల్ని వేళ్ళతో విప్పితే అడుగున గోరంత చీలిక. బండి లాగేటప్పుడు ఇంజిన్ మౌంటింగుల మీద ఊగి ఆ చీలిక తెరుచుకుంటుంది, గాలిని కొలిచే సెన్సర్ లెక్కకి అందని గాలి లోపలికి పోతుంది. ఇథనాల్ కలవని పెట్రోలుకి బరువులో 14.7 పాళ్ళ గాలి చొప్పున కట్టిన లెక్క కాస్తా తప్పుతుంది. కాలు తీయగానే చీలిక మూసుకుంటుంది. బానెట్ ఎత్తి నిలబడి చూసేవాడికి ఇదెలా దొరుకుతుంది?

స్కానర్ మీద నాకేం కోపం లేదు. లోపం పట్టుబడిన క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడెంత, లోడెంత అని బండి కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌లో దాచిపెట్టినదాన్ని అది చూపిస్తుంది. అదేదీ చదవకుండా కోడ్ చెరిపేసి "క్లియర్ చేశాం సార్" అనేవాళ్ళ మీదే నా కోపం.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న అంబాసిడర్‌ని చూసే మేస్త్రి ఒకాయన ఉండేవారు. బానెట్ ఎత్తకముందే "ఎప్పుడు చేస్తోందండీ?" అని అడిగి, వచ్చి ముందు సీట్లో కూర్చునేవారు. బెంజి సర్కిల్ దాకా పోయి వచ్చేదాకా ఒక్క మాటా ఉండేది కాదు, అరిచెయ్యి మాత్రం డ్యాష్‌బోర్డు మీదే ఉండేది. ఆ బండికి ఎస్.యు. కార్బురేటర్. ఓసారి ఇదే జబ్బు వస్తే, షెడ్డుకి రాగానే కార్బురేటర్ నెత్తిమీది చిన్న మూత విప్పి, కింద వేలాడే సన్నటి కడ్డీ పైకి తీసి నాకు చూపించారు. పొడిగా ఉంది. ఆ కడ్డీ దిగే గొట్టంలో నూనె ఉంటే లోపలి పిస్టన్ నెమ్మదిగా లేస్తుందనీ, అది లేచేలోగా సన్నటి దారిలో గాలి జోరందుకుని పెట్రోలుని ఎక్కువగా లాక్కుంటుందనీ, నూనె లేకపోతే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి పెట్రోలు చాలక బండి తడబడుతుందనీ చెప్పారు. కాసింత నూనె పోశాక పిస్టన్‌ని నా వేలితోనే ఎత్తించారు. బరువుగా లేచింది. వదిలితే టక్కున కింద పడింది. "విన్నావా, ఆ చప్పుడు రావాలి" అన్నారు. టీ తెప్పించి నాకూ ఒక గ్లాసు ఇప్పించారు. మా నాన్న ఎంత బతిమాలినా ఆ పూట డబ్బులు పుచ్చుకోలేదు.

మీ బండికి ఈ జబ్బు వస్తే, తాళాలు అప్పగించే ముందు మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అది చేసే రోడ్డు మీదికే తీసుకెళ్ళండి. రానంటే బండి ఇవ్వకండి.