చీరాల టిక్కెట్టు

మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక వెబ్ సిరీస్ సిట్టింగ్‌లో ఉన్నాం. టీ వచ్చేలోపు మాట పాత కామెడీ మీదకి పోయింది. ఇరవై నాలుగేళ్ళ అసిస్టెంట్ రైటర్ ఒకడు, మంచి చురుకైన కుర్రాడు, కాళ్ళు సోఫా మీదకి ముడుచుకుని తేల్చేశాడు. "జంధ్యాల ఒక యుగం అన్నా. అమృతం ఒక యుగం. పెళ్ళిచూపులు నుంచి మనది. మధ్యలో 2008 నుంచి 2015 దాకా ఉంది చూడు, అదంతా చెత్త. చెంపదెబ్బల యుగం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడే అడిగాడు. "ఇంతకీ నువ్వు ఇండస్ట్రీకి ఎప్పుడొచ్చావన్నా?"

2012లో వచ్చాను. అంటే వాడు చెత్త అన్నదాంట్లో కొంత నేను రాసిందే.

వాడి లెక్క పెద్ద తప్పేం కాదు. జంధ్యాల 2001 జూన్‌లో పోయారు. అదే ఏడాది నవంబర్‌లో జెమినీ టీవీలో గుణ్ణం గంగరాజు అమృతం మొదలుపెట్టారు. 2007 దాకా నడిచింది. సరంజామా చాలా తక్కువ. అమృతం, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు, సరిగ్గా నడవని ఒక హోటలు, సర్వర్ సర్వం, ఇంటి ఓనర్ అప్పాజీ. అమృతం వేషంలో శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు మారారు. అయినా సీరియల్ కుంటుపడలేదు. నవ్వు ఒక నటుడి మొహం మీద ఆధారపడలేదు కాబట్టి. ఆ ఇద్దరి అత్యాశలో ఉంది అది. వారం వారం ఏదో ఒక అడ్డదారి కనిపెడతారు, అది వాళ్ళ నెత్తి మీదకే వస్తుంది. మళ్ళీ ఆదివారానికి బుద్ధి రాకుండా తయారు. అమెరికా వాళ్ళు సిట్‌కామ్ అనేది దీన్నే.

అది ఆగిపోయాక అంత గట్టిగా నిలబడిన తెలుగు సిట్‌కామ్ టీవీలో ఇంకోటి నాకు కనబడలేదు. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ వచ్చింది. నవ్వించింది, ఎంతోమందికి అన్నం పెట్టింది కూడా. కానీ అది స్కిట్. స్కిట్‌లో మనిషి కాసేపే బతుకుతాడు. పోయిన వారం చేసిన అప్పు వాడికి గుర్తుండక్కర్లేదు.

ఇక సినిమాలో అప్పటికే ఒక ఫార్ములా కుదిరిపోయింది. హీరో వేషం మార్చి విలన్ ఇంట్లోకో హీరోయిన్ ఇంట్లోకో దూరతాడు, మధ్యలో ఒక బకరా దొరుకుతాడు. ఢీ (2007), రెడీ (2008) వచ్చినప్పుడు ఇది తాజాగా ఉండేది. దూకుడు (2011)లో బాగా పండింది. అందులో తను రియాలిటీ షోలో ఉన్నాననుకునే బ్రహ్మానందం, సినిమా హీరో అయిపోయాననుకునే ఎమ్మెస్ నారాయణ. ఆ ఇద్దరి భ్రమల మీదే హీరో ప్లానంతా నడుస్తుంది. నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఇద్దరికీ ఏదో కావాలి, కావాలి కాబట్టే మోసపోతారు. ఆ సినిమా ఆడిన ఆటకి ఫిల్మ్‌నగర్‌లో ప్రతి ఆఫీసులోనూ అదే కథ మొదలైంది. దాన్ని కాపీ కొట్టినవాళ్ళు విలన్ ఇంటిని తీసుకున్నారు, బకరాని తీసుకున్నారు. ఆ మనిషికి ఏం కావాలన్నది మాత్రం వదిలేశారు. నేను సరిగ్గా అప్పుడు దిగాను.

దైవసన్నిధానం గుడి దాటాక ఒక సందులో అద్దెకి తీసుకున్న ఫ్లాటు మా ఆఫీసు. కృష్ణానగర్‌లో నలుగురం ఉండే రూము నుంచి చెక్‌పోస్ట్ మీదుగా పొద్దున్నే అక్కడికి చేరేవాణ్ణి. కథ కుదిరేది కాదు, కుదరకముందే ఇంటర్వెల్ తర్వాత ఇరవై నిమిషాలు ఖాళీ వదిలేవాళ్ళు. ఇంటి ప్లానులో బాత్రూమ్‌కి గుర్తు పెట్టినట్టు ఆ జాగాలో 'కామెడీ ట్రాక్' అని రాసుండేది. దాన్ని నింపడం నా పని. పేరు పడదు. డబ్బులు విడతలుగా వస్తాయి, చివరి విడత రాదు.

కో-డైరెక్టర్ నాకు మొదటి వారమే పాఠం చెప్పాడు. "పేజీకి ఒక దెబ్బ పడాలి తమ్ముడూ. మాట అర్థం కాకపోయినా దెబ్బ అర్థమవుద్ది. బీ సెంటర్, సీ సెంటర్ గుర్తుపెట్టుకో." మాది బాపట్ల. ఆయన లెక్కలో ఏ సెంటరో అడగలేదు.

ఆ రోజుల్లోనే ఒకరి తర్వాత ఒకరు పోయారు. 2013 నవంబర్‌లో ఏవీఎస్, నెల తిరక్కుండా ధర్మవరపు సుబ్రహ్మణ్యం, 2015 జనవరిలో ఎమ్మెస్ నారాయణ, ఆ నవంబర్‌లో కొండవలస. ఏవీఎస్ జర్నలిజం నుంచి వచ్చినాయన. ఎమ్మెస్ భీమవరంలో తెలుగు లెక్చరర్, సినిమాల్లోకి ముందు రచయితగా వచ్చారు. ధర్మవరపు దూరదర్శన్ ఆనందోబ్రహ్మతో మన ఇళ్ళలోకి వచ్చారు. మాటని ఎక్కడ విరవాలో, ఎక్కడ మింగాలో తెలిసిన మనుషులు. అలాంటివాళ్ళని మనసులో పెట్టుకుని నేను రాసిన కాగితాలు తీసి చూస్తే చాలాచోట్ల డైలాగే లేదు. 'కొడతాడు. పడతాడు. లేస్తాడు. మళ్ళీ కొడతాడు.'

రాయడానికి సరుకు లేక అలా రాశానా? లేదు. సరుకుంది. ఆ సంగతే చెప్పాలి.

మా బాబాయికి నత్తి. అన్ని అక్షరాలకీ కాదు. మాట మొదట్లో 'ప', 'బ' వస్తే పెదాలు అతుక్కుపోతాయి. ఊరేమో బాపట్ల. తెనాలిలో ఒక రైస్‌మిల్లులో గుమాస్తాగా చేసేవాడు, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి ఆయనతో తెనాలి స్టేషన్లో లైన్లో నిలబడ్డాను. కౌంటర్ దగ్గరికి రాగానే "చీరాల, ఒకటిన్నర" అన్నాడు గడగడా. బాపట్ల దాటాక వస్తుంది చీరాల. "మనం చీరాల వెళ్తున్నామా బాబాయ్?" అన్నాను. నోటి మీద వేలు పెట్టాడు.

రైలు కదిలాక చెవిలో చెప్పాడు. వెనక జనం, ముందు కౌంటర్లో మనిషి, అవతల రైలు టైము. ఆ 'బా' రాదు. అందుకని చీరాలకి కొని బాపట్లలో దిగుతాడు. ఎన్నేళ్ళ నుంచో అంతేనట. ఎక్కువయ్యే రూపాయలు "నోటికి టాక్సు అనుకుంటాన్రా" అన్నాడు. పిన్నికి కూడా తెలియదట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.

2014లో ఒక మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ ఫ్లాట్లో నాలుగు రోజులుగా ట్రాక్ కుదరడం లేదు. "ఎవరైనా కొత్తగా ఒక్కటి చెప్పండయ్యా" అన్నాడు డైరెక్టర్. నేను చీరాల టిక్కెట్టు చెప్పాను. రూమంతా ఒక్కసారి నవ్వింది. నేను చెప్పిన దానికి ఆ రూము అలా నవ్వడం అదే మొదలు. డైరెక్టర్ భుజం తట్టాడు. ఆ పూట నాకు బిర్యానీ తెప్పించారు. తిన్నాను.

తర్వాత అరగంటలో ఆ కథకి ఏమైందో చెప్తాను. ముందు చీరాల పోయింది. "అంత తెలివుంటే వాడు బకరా ఎలా అవుతాడు?" అన్నారు ఎవరో. న్యాయమే అనిపించింది. చీరాల పోతే రహస్యం పోయింది, రహస్యం పోతే రైల్లో చెవిలో చెప్పడం పోయింది. ఇక మిగిలిందేమిటి? ఒకడు కౌంటర్ దగ్గర 'బా, బా, బా' అంటాడు. వెనకున్నవాడు వీపు మీద ఒకటిస్తాడు. ఊరి పేరు బయటికొస్తుంది. తర్వాతి సీన్లో విలన్ పేరు కూడా 'బా'తోనే మొదలవుతుంది. మళ్ళీ దెబ్బ. ఈ మార్పులన్నీ కాగితం మీద పెట్టింది నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

వికారాల మీద నవ్వడం మా కాలం కనిపెట్టింది కాదు. అంతకుముందూ ఉంది, జంధ్యాల సినిమాల్లోనూ ప్రతివాడికీ ఒక తిక్క ఉంటుంది. అయితే అహ నా పెళ్ళంట (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అది వాడి పిసినారితనం, వాడి ఆనందం కూడా. శ్రీవారికి ప్రేమలేఖ (1984)లో శ్రీలక్ష్మి దొరికినవాళ్ళకల్లా సినిమా కథ టైటిల్స్‌తో సహా చెప్తుంది. ఆ మనుషుల్ని వాళ్ళ పిచ్చి నడిపిస్తుంది. మా ట్రాకులో మనిషికి పిచ్చి లేదు, లోపం ఒక్కటే ఉంది. ఈ తేడా అప్పట్లో నాకు తెలియదని చెప్పుకోవచ్చు. తెలుసు.

సినిమా 2015లో వచ్చింది. సెలవుకి ఇంటికెళ్తే బాబాయే మార్నింగ్ షోకి వెళ్దామన్నాడు. నా పేరు పడదని చెప్పాను. "నువ్వు రాసిందేదో నేను కనుక్కుంటాలే" అన్నాడు. కౌంటర్ సీను రాగానే హాల్లో బాగానే నవ్వారు. నేను పక్కకి చూడలేదు. తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక సైకిల్ తాళం తీస్తూ అన్నాడు. "వెనకాలవాళ్ళు కొట్టరురా. ఆగుతారు. అదే కష్టం." స్టాండు తన్ని, కొంచెం దూరం నడిచాక ఇంకో మాట అడిగాడు. "చీరాల ఎందుకు తీసేశారు? జోకు అదే కదా."

ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒట్టు సంగతి అసలే ఎత్తలేదు.

ఆ సెప్టెంబర్‌లోనే భలే భలే మగాడివోయ్ వచ్చింది. నాని మతిమరుపు మనిషి. మతిమరుపూ లోపమే. కానీ అందులో నవ్వు అతను మర్చిపోవడంలో కంటే మర్చిపోయానని తెలియకుండా వేసే ఎత్తుల్లో ఎక్కువుంది. అంటే చీరాల టిక్కెట్టే. హాల్లో అందరూ నవ్వుతుంటే నాకు చెమట పట్టింది. కుర్రాడు చెత్త అన్న కాలంలోనే, మా ఆఫీసుకి దగ్గర్లోనే ఎవరో కూర్చుని ఆ లెక్క సరిగ్గా చేశారు.

అమెరికాలోనూ ఇలాంటి కాలం ఒకటుంది. 1980ల మొదట్లో అక్కడ సిట్‌కామ్ పనైపోయిందని చెప్పుకునేవాళ్ళు. 1984లో వచ్చిన ది కాస్బీ షో ఆ మాట మార్చింది. కానీ 1982లోనే, అంటే పనైపోయిందంటున్న రోజుల్లోనే, చీర్స్ మొదలైంది. మొదటి ఏడాది రేటింగుల్లో దాదాపు అట్టడుగున ఉంది. అయినా ఛానల్ దాన్ని తీసెయ్యలేదు. అది 1993 దాకా నడిచింది. దాన్నిబట్టి మా పాపం మాఫీ అవుతుందని కాదు. ఆ రోజుల్లో కూడా సరిగ్గా రాసే వీలుంది అని మాత్రమే. 'కాలం అలాంటిది' అని నేను ఇన్నాళ్ళూ చెప్పుకున్న సాకు అక్కడ చెల్లదు.

టీ వచ్చింది. కుర్రాడు తన ల్యాప్‌టాప్ తిప్పి మూడో ఎపిసోడ్ ఆర్డర్ చూపించాడు. బాగుంది. ఒకచోట మాత్రం 'ఫ్రెండ్స్ బ్యాచ్ - మందు సిట్టింగ్ - ఫన్' అని రాసి ఖాళీ వదిలాడు. పెళ్ళిచూపులు, జాతిరత్నాలు లాంటివి వచ్చాక ఆ ఖాళీ ఎలా నింపాలో ఇప్పుడు అందరికీ తెలుసు. నలుగురు కుర్రాళ్ళు, ఒక డాబా, కాస్త యాస, మొహంలో ఏ భావం లేకుండా ఒక్కొక్క పంచ్. నేనూ నింపగలను. వాణ్ణి అడిగాను, "వీళ్ళలో ఎవడికి ఏం కావాలిరా?" వాడు తల గోక్కుని, "ఫన్ అన్నా అది, ఫ్లోలో వచ్చేస్తది" అన్నాడు. నాకు మా ఇరవై నిమిషాల జాగా గుర్తొచ్చింది. వాడితో అనలేదు.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేశాను. రిటైరై బాపట్లలోనే ఉంటున్నాడు. ఇప్పుడు టిక్కెట్టు ఫోన్లోనే కొంటాడు, ఎవరికీ ఊరి పేరు చెప్పక్కర్లేదు. చాలాసేపు వానల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడాక, పదేళ్ళ కిందట అడగాల్సింది అడిగాను. ఆ సంగతి మళ్ళీ రాస్తాను, ఈసారి అడిగి రాస్తాను, రాయనా అని. అవతల చాలాసేపు చప్పుడు లేదు. నత్తి వల్లో, ఆలోచిస్తున్నాడో తెలియలేదు. ఆగాను.

"చీరాల ఉంచుతానంటే రాయి" అన్నాడు.