నా లిస్టులో అయిదు ఊళ్లు.. ఒకదానికి మాత్రం టికెట్ లేదు!

నా ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిస్తే అన్నిటికంటే పైన ఒక లిస్టు ఉంటుంది. పేరు ‘వెళ్లాలి’. 2019లో మొదటి జీతం పడిన రాత్రి హాస్టల్ మంచం మీద పడుకుని వీడియోలు చూస్తూ మొదలుపెట్టాను. బాలి ఊయల, ఫుకెట్ దీవులు, దుబాయ్ ఎడారి, సియోల్ చెర్రీ పూలు.. ఏది బాగుంటే అది చేర్చుకుంటూ పోయాను. ఆరేళ్లలో అది 27 ఊళ్లయింది. అందులో నేను చూసినవి ఎన్నో తెలుసా? సున్నా.

ఆ మధ్య ఆఫీసులో లంచ్ చేస్తుంటే పక్క సీటు ఫ్రెండ్ ఆ లిస్టు చూశాడు. కాసేపు కిందికీ పైకీ జరిపి, “వీటిలో ఫోన్ లేకపోయినా వెళ్తాను అనే ఊరు ఒక్కటి చెప్పరా” అన్నాడు. నవ్వేశాను గానీ జవాబు దొరకలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. నాకు ఏడాదికి 18 సెలవులు. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు పోగా ఒక్క పెద్ద ట్రిప్‌కి మిగిలితే గొప్ప. నెలకు ఆరు వేలు ఆర్‌డీ కడుతున్నాను. ఈ లెక్కన 27 ఊళ్లు చూడాలంటే రిటైర్మెంట్ దగ్గర పడుతుంది. అందుకే ఒక రూల్ పెట్టుకున్నాను. ప్రతి ఊరి పక్కనా ‘ఎందుకు’ అని ఒక్క లైను రాయాలి. ఫొటో బాగుంటుంది అన్నది కారణం కింద లెక్క కాదు. రాయలేకపోతే డిలీట్.

తెల్లారేసరికి అయిదు మిగిలాయి. అన్నీ ఆసియాలోనే.

అంగ్‌కోర్, కంబోడియా. కారణం: పునాది

చదివింది సివిల్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో చాలామంది కథే. కానీ బీటెక్ మూడో ఏడు కాలేజీ టూర్‌లో రామప్ప గుడి చూసినప్పుడు మాత్రం, అసలు సివిల్ ఎందుకు వదిలేశానా అనిపించింది. 1213 నాటి కాకతీయుల గుడి అది. పునాది గోతిలో ఇసుక నింపి, దాని మీద అంత రాతి బరువు నిలబెట్టారు. నీళ్లలో తేలే ఇటుకల గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం కంటికి కనిపించని ఆ ఇసుకే గుర్తుండిపోయింది.

అంగ్‌కోర్ వాట్ కథా ఇసుకతోనే మొదలవుతుంది. 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన గుడి ఇది. తర్వాత బౌద్ధ క్షేత్రమైంది. ఇప్పుడు కంబోడియా జెండా మీదే ఉంది. దాని పునాదిలోని ఇసుక తడిగా ఉన్నంతకాలమే గట్టిగా ఉంటుంది. ఆ తడి ఆరకుండా కాపాడేది గుడి చుట్టూ ఉన్న కందకం. 190 మీటర్ల వెడల్పు! రీల్స్‌లో అందరూ దాటుకుంటూ వెళ్లిపోయే ఆ నీళ్లు అందం కోసమే అనుకున్నాను. అవి గుడిని మోస్తున్నాయని తర్వాత తెలిసింది. పక్కనున్న సియెమ్ రీప్ ఊళ్లో హోటళ్లు పెరిగి భూగర్భజలాలు తోడేస్తుంటే నిపుణులు భయపడేది కూడా ఇందుకే. గుడి చూడటానికి వచ్చే మనమే గుడి కింద నీళ్లు తాగేస్తున్నామన్న మాట.

లోపల గోడ మీద క్షీరసాగర మథనం దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కి ఉంటుంది. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. ఒక పక్క 92 మంది అసురులు, ఇంకో పక్క 88 మంది దేవతలు. మధ్యలో వాసుకి. ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివరికి, ఎవరూ తొందరపెట్టకుండా ఒక్కసారి నడవాలి.

టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. నా నోట్‌లో ‘మూడు రోజులు’ అని రాసుకున్నాను.

సమర్‌కంద్, ఉజ్బెకిస్తాన్. కారణం: 58 సెకన్లు

సమర్‌కంద్ అంటే అందరూ చూపించేది రిజిస్తాన్ చౌక్. నీలి పలకలు తాపిన మూడు మదరసాలు. అవి బాగుంటాయి, కాదనను. నేను వెళ్లేది మాత్రం ఊరి చివర గుట్ట మీద మిగిలిన ఒక కందకం లాంటి గాడి కోసం.

తైమూర్ మనవడు ఉలుగ్ బేగ్. తాత దేశాలు కొల్లగొడితే మనవడు నక్షత్రాలు లెక్కపెట్టాడు. 1420ల్లో అక్కడ ఒక అబ్జర్వేటరీ కట్టించి, సుమారు 40 మీటర్ల వ్యాసార్థం ఉన్న రాతి కొలబద్దను సగం భూమిలోకి దింపాడు. అప్పటికి టెలిస్కోప్ ఇంకా పుట్టలేదు. కంటితోనే చూసి 1,018 నక్షత్రాల పట్టిక తయారుచేశారు. ఏడాది పొడవెంతో లెక్క తేల్చారు. ఇప్పటి లెక్కకూ దానికీ తేడా 58 సెకన్లు. ఏడాది మొత్తానికి! మా టీంలో మీటింగే 58 సెకన్ల తేడాలో మొదలవదు.

ఇంత చేసిన మనిషిని 1449లో కన్నకొడుకే చంపించాడు. అబ్జర్వేటరీ శిథిలమైంది. 1908లో ఒక రష్యన్ పరిశోధకుడు తవ్వి తీసేదాకా అది ఎక్కడుందో కూడా జనం మర్చిపోయారు. కానీ పట్టికలు బతికాయి. జైపూర్‌లో జంతర్ మంతర్ కట్టించిన సవాయి జైసింగ్ కూడా ఆ పట్టికల మీద ఆధారపడినవాడే.

ఇదే ఊరి కోసం తపించిన ఇంకో మనిషి బాబర్. సమర్‌కంద్‌ను మూడుసార్లు గెలిచాడు, మూడుసార్లూ పోగొట్టుకున్నాడు. చివరికి మన దేశానికి వచ్చి సామ్రాజ్యం స్థాపించాక కూడా, ఒక రోజు పుచ్చకాయ లాంటి తన దేశపు పండు కోస్తూ ఏడ్చానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. విష్ లిస్టులో టిక్కు పడని ఊరు చక్రవర్తికైనా ఉంటుంది.

తాష్కెంట్ నుంచి స్పీడ్ ట్రైన్‌లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అయిదు రోజులు సెలవు పెడితే చాలు.

హిరోషిమా, జపాన్. కారణం: ట్రామ్

27 ఊళ్ల లిస్టులో జపాన్ నుంచి టోక్యో, క్యోటో, ఒసాకా ఉండేవి. మూడూ పోయి హిరోషిమా వచ్చింది.

1945 ఆగస్టు 6, ఉదయం 8.15. ఆ ఏడాది ఆఖరుకు చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది. బాంబు పేలిన చోటికి 160 మీటర్ల దూరంలో ఉండి కూడా అస్థిపంజరంలా నిలబడిన గుమ్మటం మనందరం పాఠం పుస్తకంలో చూసిందే. నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఆగస్టు 9న, అంటే మూడు రోజులకే, ఆ బూడిదలో ఒక చిన్న మార్గంలో ట్రామ్ మళ్లీ నడిచింది. మగవాళ్లంతా యుద్ధానికి పోవడంతో ఆ రోజుల్లో ట్రామ్‌లలో పనిచేసినవాళ్లలో స్కూలు ఆడపిల్లలు కూడా ఉన్నారు.

అది చదివిన రోజు చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. సర్వర్ పడిపోతే రాత్రంతా కూర్చుని లేపి, మర్నాడు హీరోల్లా టీ తాగే ఉద్యోగం మాది. ఇల్లూ, మనుషులూ పోయిన ఊళ్లో మూడో రోజు ట్రామ్ ఎక్కి గంట కొట్టడం అంటే ఏమిటో నాకు ఊహకు అందదు. బాంబు తట్టుకున్న పాత ట్రామ్ పెట్టెలను ఆ ఊరు భద్రంగా దాచుకుంది. అలాంటి దాన్ని కళ్లతో చూసి, ఆ ఊరి ట్రామ్‌లో ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్లాలి. ఫొటోలు తీసుకోను. ఇది మాత్రం ఖాయం.

కొలంబో, శ్రీలంక. కారణం: అమ్మ రేడియో

అమ్మకు సిలోన్ అంటే దేశం కాదు, రేడియో స్టేషన్. మన ఆకాశవాణి 1950ల్లో సినిమా పాటలు తగ్గించేస్తే, మనదేశం మొత్తం కొలంబో వైపు చెవి తిప్పింది. హిందీతో పాటు తెలుగు పాటలూ వచ్చేవి. అమ్మ చిన్నతనంలో కూడా ఆ అలవాటు పోలేదు. తాతయ్య రేడియో ముల్లు తిప్పుతుంటే పాట దగ్గరికొచ్చి, దూరమై, మళ్లీ దగ్గరికొచ్చేదట. “సముద్రం మీద నుంచి రావాలి కదా, అందుకే ఊగేది” అనుకునేదాన్నంటుంది అమ్మ.

కొలంబోలో 1925లో మొదలైన ఆ రేడియోకు ఇప్పుడు వందేళ్లు. “ఆ బిల్డింగ్ బయట నుంచి చూసినా చాలు” అంది ఒకసారి, పప్పు తాలింపు వేస్తూ. నా 27 ఊళ్ల లిస్టులో శ్రీలంక అసలు లేదు. ఇప్పుడు ఉంది. చెన్నై నుంచి గంటన్నర విమానం. వీలైతే కొండల్లోకి రైలెక్కి, 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన దాకా వెళ్లాలి. ఆ రైలు తలుపు దగ్గర కూర్చుని రీల్ చేస్తే అమ్మ చెంప పగలగొడుతుంది కాబట్టి కిటికీ సీటే.

రంగం. కారణం: మామ్మ పెట్టె

గోదావరి, ఉత్తరాంధ్ర ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, రంగం అంటే ఏమిటో చెబుతారు. రంగూన్. ఇప్పటి యాంగూన్. ఒకప్పుడు కాకినాడ, విశాఖ లాంటి రేవుల్లో స్టీమరెక్కి మనవాళ్లు వేలమంది అక్కడికి కూలికి వెళ్లేవారు. రేవులో మూటలు మోశారు, రైస్ మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరింగ మడ అడవుల్లో బోటింగ్‌కు వెళ్లి ఉంటారుగా? ఆ కోరింగ రేవు పేరు మీదే అక్కడ తెలుగు కూలీలను ‘కొరంగీలు’ అనేవారు. 1930ల మొదట్లో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు పని గొడవ అల్లర్లుగా మారితే ఎక్కువ దెబ్బ తిన్నది మన తెలుగు కూలీలే.

మా మామ్మకు ఇప్పుడు 85 ఏళ్లు. ఆవిడ పది నెలల పిల్లగా ఉండగా వాళ్ల నాన్న మూడోసారి రంగం వెళ్లాడు. అంతకుముందు వచ్చినప్పుడు తెచ్చిన బర్మా టేకు పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షల మంది మనవాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో వేలమంది పోయారు. మామ్మ వాళ్ల నాన్న ఇంటికి రాలేదు. నడిచాడో, నడవలేదో కూడా తెలియదు. ఫొటో లేదు. పెట్టె ఒక్కటే.

“నువ్వు దేశాలు తిరుగుతానంటున్నావంటగా. రంగం వెళ్తే, మన వాళ్లు దిగిన రేవు ఉందో లేదో చూసిరా నాన్నా. వీడియోలో చూపిద్దువుగాని” అంది మామ్మ పోయిన సంక్రాంతికి. తనను తీసుకెళ్లమని అడగలేదు.

కష్టమల్లా ఇక్కడే. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. అప్పటి నుంచి అక్కడ అంతర్యుద్ధం. సరదాగా బ్యాగు సర్దుకుని వెళ్లే చోటు కాదు. ఐటీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను అక్కడి సైబర్ మోసాల ముఠాలకు అమ్మేసిన వార్తలు చదివే ఉంటారు. విడిపించి తెచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వందేళ్ల కింద కూలి కోసం వెళ్లింది మనమే, ఇప్పుడు మోసపోయి వెళ్తున్నదీ మనమే. ఆ వార్త మామ్మకు చెప్పలేదు.

ఈ లిస్టు మొత్తంలో అన్నిటికంటే ముందు వెళ్లాల్సిన ఊరు ఇదే. డబ్బు ఉంది, సెలవులు ఉన్నాయి. అయినా వెళ్లలేను. ఆరేళ్ల పాటు ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అని జరిపిన నాకు ఇది గట్టిగా తగిలింది. 2019లో నాకు తెలిసి ఉంటే మామ్మ అప్పటికి 79. అప్పుడు యాంగూన్‌కు టూరిస్టులు వెళ్తున్నారు. నేను బాలి ఊయల సేవ్ చేసుకుంటున్నాను.

అందుకే వెళ్లగలిగిన ఊరికి వెంటనే వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాను. పోయిన నెల అమ్మకు పాస్‌పోర్టు అప్లై చేశాం. వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ ఇంటికి వస్తే వీధి వీధంతా వచ్చి, ఏం జరిగిందని అడిగింది. “సిలోన్ వెళ్తున్నా” అని అమ్మ చెప్పిన తీరు మీరు చూడాల్సింది. పాస్‌పోర్టు వచ్చింది, టికెట్లు బుక్ చేశాను. రంగం మాత్రం లిస్టులో పైనే ఉంది. దాన్ని కిందికి జరపను.

టికెట్లు చూపించడానికి మొన్న వీడియో కాల్ చేస్తే మామ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒకటే అడిగింది.

“సిలోన్ నుంచి రంగానికి ఓడలేమైనా ఉన్నాయేమో కనుక్కోరా.”

కనుక్కుంటానన్నాను.