అగ్గిపెట్టెలో అమ్మ పాటలు

మా బరంపురం యింట్లో పాట అంటే మా అమ్మ పాటే. తెల్లవారితే మేలుకొలుపు, పసిపిల్ల మారాం చేస్తే జోల, పెళ్లిళ్లలో నలుగు పాట, అప్పగింతల పాట. పుస్తకం చూసి నేర్చినవి కావు. ఆవిడ తల్లి నోట, ఆ తల్లి అత్తగారి నోట విని పట్టుకున్నవి. నేను రోజంతా ఆఫీసులో ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఫైళ్లు రాసే గుమాస్తాను. నా తెలుగు యీమాత్రం మిగిలిందంటే ఆ పాటల చలవే.

2006లో ఎరియర్సు కొంచెం చేతికి వస్తే ఒక పాటల యంత్రం కొన్నాను. అగ్గిపెట్టెంత ఉంటుంది. చెవులకు తీగెలు తగిలించుకుని వినాలి. గొంతు పట్టే మైకు కూడా అందులోనే. ధర చెబితే మా ఆవిడ, "రేడియో ఉండగా యిదెందుకండీ?" అన్నది. నాకు మాత్రం ఏదో రాజ్యం వచ్చినంత సంబరం.

ఇటువంటి యంత్రాలు 1998లో అమ్మకానికి వచ్చాయి. దక్షిణ కొరియా నుంచి వచ్చిన ఎంపీమాన్ లో ఉన్న జాగా 32 మెగాబైట్లు. అంటే అరగంట పాట. అంత కొద్ది చోటులో అదైనా పట్టిందంటే ఎంపీ త్రీ అనే కుదింపు పద్ధతి వల్లనే. దానికి ఎక్కువగా పాటుపడినవారు జర్మనీలోని ఫ్రాన్ హోఫర్ సంస్థవారు. బాజాభజంత్రీలు మోగుతుంటే పక్కవాడి గుసగుస మనకు వినబడదు గదా! అలా చెవికి ఆననిదాన్ని వదిలేసి, ఆనేదాన్నే రాసిపెడతారు. సీడీలోని పాట యించుమించు పదకొండో వంతుకు దిగుతుంది. నిమిషానికి ఒక మెగాబైటు చాలు.

2001 అక్టోబరులో ఆపిల్ వారు ఐపాడ్ తెచ్చి, వెయ్యి పాటలు జేబులో పెట్టుకోమన్నారు. దాని కడుపులో తోషిబావారి అయస్కాంతపు పళ్లెం గిర్రున తిరిగేది. నా యంత్రంలో తిరిగేదేమీ లేదు. ఉన్నది ఫ్లాష్ అనే చిన్న చిప్పు. చిత్రమేమంటే, 1980ల్లో దాన్ని కనిపెట్టిన మసువొకా గారు కూడా ఆ తోషిబాలో పనిచేసినవారే.

నా చిప్పు 256 మెగాబైట్లు. ఆ కార్తికమాసంలో అమ్మను కూర్చోబెట్టి పాడమన్నాను. "ఈ కుంకుమ భరిణెలో నా గొంతేం పడుతుందిరా?" అని నవ్వి, సిగ్గుపడుతూనే పదకొండు పాటలు పాడింది. మధ్య మధ్య దగ్గు, కుక్కరు కూత, వీధిలో కూరలమ్మి కేక.

ఇక నా నిర్వాకం చెప్పాలి. 2008లో ఆఫీసువాళ్లం గోపాలపురం సముద్రం ఒడ్డుకు వనభోజనానికి బయలుదేరాము. సినిమా పాటలకు జాగా చాలలేదు. అమ్మవి నాలుగు పాటలు చెరిపేశాను. అమ్మ యింట్లోనే ఉన్నది గదా, మళ్లీ పాడించుకోవచ్చు అనుకున్నాను. నాలుగేళ్లు అలాగే అనుకున్నాను. 2012లో అమ్మ పోయింది. యంత్రం బీరువా పై అరకు చేరింది.

2023లో మా అక్క కూతురి పెళ్లి. నలుగు పెట్టేవేళ పాట అందుకునేవారే లేరు. ఎవరో ఫోనులో సినిమా పాట పెట్టారు. మా అక్క నావైపు చూసి, "తమ్ముడూ, అమ్మ పాటలు నీ దగ్గర ఉండాలి కదూ?" అన్నది. తల వంచుకున్నాను.

మర్నాడు యంత్రం తీసి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. గిరి రోడ్డులో ఒక కుర్రవాడి దుకాణానికి పట్టుకుపోయాను. బ్యాటరీ మార్చాడు. అమ్మ గొంతు పలికింది! దుకాణమని కూడా చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. ఏడింటిలో ఆరు బాగానే ఉన్నాయి. నలుగు పాట మాత్రం సగంలో ఆగిపోయింది.

"మౌసా, చిప్పులో పాట అంటే విద్యుత్తే. దాన్ని కట్టుదిట్టమైన చిన్న చిన్న గదుల్లో బంధిస్తారు. ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అది కొంచెం కొంచెం జారిపోవచ్చు" అన్నాడు ఆ ఒడియా కుర్రవాడు. నాకు మా వంటింటి మంచినీళ్ల కుండ గుర్తు వచ్చింది. పగులు లేకపోయినా చెమ్మగిల్లుతుంది గదా!

చెరిపిన నాలుగింటి సంగతి అడిగాను. చెరపగానే పాట పోదట. మా రికార్డు గదిలో ఇండెక్సులో పేరు కొట్టేసినా ఫైలు బల్లమీదే ఉన్నట్టు, అదీ ఉంటుందట. ఆ చోట మరొకటి రాస్తేనే పోతుంది. నేను రాశాను గదా! ఆ సినిమా పాటలు మాత్రం దివ్యంగా వినబడ్డాయి.

మా అమ్మాయి ఆ రాత్రే పాటలన్నీ కంప్యూటరులోకీ, మరి రెండు చోట్లకూ ఎక్కించింది. ఆదివారం యిద్దరం ఇచ్ఛాపురం వెళ్లి మా పిన్ని చేత నలుగు పాట తక్కిన సగం పాడించాము. చెరిపినవాటిలో రెండు ఆవిడకు వచ్చు. ఒడియా బడిలో చదివిన మా అమ్మాయి తడుముకుంటూ వాటిని తెలుగు అక్షరాలలో నోటుపుస్తకంలో రాసుకున్నది. ఇప్పుడు నలుగు పాట తనకు కంఠతా వచ్చు.

2022లో ఐపాడ్ తయారీ కూడా నిలిపివేశారు. ఏ యంత్రమూ శాశ్వతం కాదు. మీ యిళ్లలో పాత ఫోనులూ యిటువంటి డబ్బాలూ ఉంటే యీ ఆదివారమే తీసి చూడండి. ఉన్నదానికి నకళ్లు చేయించండి. పెద్దవాళ్లుంటే ముందు వారిని కూర్చోబెట్టి పాడించండి. యంత్రం సంగతి తరువాత.

ఇక పోయినవి రెండు. ఒకటి, వియ్యపురాలు విడిదిలో కాఫీకి అలిగిన పాట. రెండవది, గౌరమ్మను నిద్రలేపే మేలుకొలుపు. వరసలు నా చెవిలో ఉన్నాయి, మాటలు లేవు. మీలో ఎవరి యింట నయినా ఆ పాటలుంటే దయచేసి పత్రికకు రాసి పంపండి.