ఘాటు దిగుతుంటే ఇంజను ఎందుకరిచింది?



మా శృంగవరపుకోట అరకు కొండల పాదాల చెంత ఉన్న ఊరు. విశాఖ నుండి అరకు వెళ్ళేవారు మా ఊరి మీదుగానే బొడ్డవర దాటి ఘాటు రోడ్డెక్కి, టైడా, డముకు, అనంతగిరి మీదుగా సాగిపోతారు. ఆ దారిలో మాకు ఎదురైన ఒక చిక్కును, అది విడిన వైనాన్ని మనవి చేస్తాను. తెలుగు పాఠాలు చెప్పడం తప్ప మరేమీ ఎరుగని నేను మోటారు వాహనాల గురించి వ్రాయడం సాహసమే. అయితే ఈ చిక్కును విడదీయడానికి తోడ్పడినది విద్యార్థి దశలో వల్లించిన తర్కం గనుక, ఆ మేరకు నాకు అధికారం ఉన్నదనుకుంటాను.

మా అల్లుడు హైబ్రిడ్ కారు కొన్నాడు. దానిలో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, విద్యుత్ మోటారూ ఉంటుంది. మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుండి వచ్చి మమ్మల్నందరినీ అరకు తీసుకొని వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటాక కారు కొంతసేపు చప్పుడే లేకుండా జారింది. ఇంతలో ఉన్నట్టుండి ఇంజను గొంతెత్తి అరవసాగింది. "నేనేమీ తొక్కలేదు మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు. నిజమే, అతని పాదం యాక్సిలరేటరు మీద లేదు. వెనుక సీటులో మనుమలిద్దరూ నిద్రపోతున్నారు. డముకు వద్ద 2021 ఫిబ్రవరిలో పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిన సంగతి మా ప్రాంతంలో ఎవరూ మరువలేదు. నా భార్య కళ్ళు మూసుకొని సింహాద్రి అప్పన్నను తలుచుకుంది. అల్లుడు కంగారుపడి న్యూట్రల్ చేయబోయి, ఎందుకో తటపటాయించి మానుకున్నాడు. మైదానానికి రాగానే అరుపు దానంతటదే అణగిపోయింది.

విశాఖలో ఒక వర్క్‌షాపులో చూపిస్తే, కంప్యూటరు తగిలించి పరిశీలించి, దోషమేదీ లేదన్నారు. మరి అరుపెందుకని అడిగితే "హైబ్రిడ్ అంతే సార్" అన్నారు. ఆ సమాధానంతో ఎవరి భయం తీరుతుంది? అమ్మివేద్దామని అల్లుడు, పిల్లలను ఇక ఆ కారెక్కించవద్దని నా భార్య.

తర్కంలో తొలి పాఠం కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం. ఆ ఊహ నిలవాలంటే పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండి తీరుతుందన్న నియమం ముందుగా స్థిరపడాలి. దానినే వ్యాప్తి అంటారు. మేము కొండ మీద అరుపును విని దోషాన్ని ఊహించాము. అరుపున్న చోటల్లా దోషముంటుందని ఎవరు తేల్చారు? దీనిని పరీక్షించడానికి అన్వయ వ్యతిరేకాలున్నాయి. అంటే, ఏది ఉన్నప్పుడు అరుపు ఉన్నది, ఏది లేనప్పుడు లేదు అని చూడడం.

మర్నాడు మామా అల్లుళ్ళం ఇద్దరమే బయలుదేరాము. అతను నడపడం, నేను పక్కన కూర్చొని నోటు పుస్తకంలో వ్రాసుకోవడం. రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాము. మైదానంలో అరుపు లేదు. చిన్న చిన్న పల్లాలలో లేదు. ఘాటు దిగేటప్పుడు ఉన్నది, కాని మొదలుపెట్టగానే రాలేదు. తెర మీది బ్యాటరీ బొమ్మలో గీతలు నిండిన తరువాతనే వచ్చింది. బ్యాటరీ తక్కువగా ఉండగా దిగడం మొదలుపెడితే ఆలస్యంగా, నిండుగా ఉండగా మొదలుపెడితే మొదటి మలుపులలోనే వచ్చింది. అన్నిటికంటె విచిత్రం, అరుస్తున్నంతసేపూ పెట్రోలు ఖర్చు చూపే సూచిక సున్నా దగ్గరే ఉన్నది. తిండి తినని ఇంజను తిరుగుతున్నదంటే దానిని మరెవరో త్రిప్పుతున్నారన్నమాట! ఎవరు?

దిగువన టీ కొట్టు దగ్గర, చాలా ఏళ్ళు ఈ ఘాటులో లారీ తోలిన ఒక పెద్దాయన మా మాటలు విన్నాడు. "ఆ సప్పుడు నానెరుగుదును మాస్టారూ! రెండో గేరులో లారీ దిగితే అలాగే అరుస్తాది. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని మా గురువు సెప్పీవోడు. బండిని ఇంజనే పట్టుకుంటాది, బ్రేకు కాలదు" అన్నాడు. సగం చిక్కు అక్కడే విడిపోయింది.

మిగతా సగం కారుతో ఇచ్చిన పుస్తకంలో దొరికింది. దాని ప్లాస్టిక్ తొడుగైనా ఎవరూ విప్పలేదు. పాఠం చదవకుండా వచ్చిన పిల్లలను బెంచీ ఎక్కించిన వాణ్ణి, నేనే బెంచీ ఎక్కవలసి వచ్చింది!

సంగతి ఇది. పల్లంలో చక్రాలు మోటారును త్రిప్పితే అది జనరేటరై బ్యాటరీని నింపుతుంది. అందుకే మొదట చప్పుడు లేదు. కారూ మనుషులూ కలిసి 1,600 కిలోల బరువు, దిగే ఎత్తు 900 మీటర్లు అనుకుంటే, వెలువడే శక్తి దాదాపు 3.9 యూనిట్లు. గాలీ టైర్ల రాపిడీ అందులో కొంత మింగినా చాలా మిగులుతుంది. ఇటువంటి కారు బ్యాటరీ సామర్థ్యమో, ముప్పాతిక యూనిటు! మన్నిక కోసం దానిలోనూ నడిమి భాగాన్నే వాడతారు. గెడ్డ నీటిని చెంబుతో పట్టినట్లే. చెంబు నిండిన తరువాత వచ్చే విద్యుత్తుతో కారు తన ఇంజనునే పెట్రోలు లేకుండా గిరగిర త్రిప్పి, ఆ శక్తిని ఖర్చు చేస్తుంది. మేము విన్న అరుపు అదే.

ఈ కొండల మీదుగానే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం పోతుంది. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. నేటి విద్యుత్ రైలింజన్లు పల్లంలో పుట్టిన కరెంటును పైనున్న తీగలోకి తిరిగి పంపగలవు, మరొక రైలు దానిని వాడుకోగలదు. కారుకు అటువంటి తీగ లేదు. తన శక్తిని తానే అరగించుకోవాలి.

మా అల్లుడు ఆనాడు న్యూట్రల్ చేసి ఉంటే? అరుపు ఆగేది, దానితోపాటు ఇంజను పట్టూ పోయేది, బ్యాటరీ నిండడమూ ఆగేది. భారమంతా బ్రేకుల మీద పడేది. కాలిపోయే బ్రేకులు పట్టు తప్పుతాయి. లేని రోగానికి చేయబోయిన వైద్యమే ప్రాణం మీదికి తెచ్చేది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పెట్రోలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే నేటి ఇంజను ఎలాగూ పెట్రోలు తాగదు. హైబ్రిడ్ కారులో 'బి' అనే స్థానం ఉంటే నిడుపాటి ఘాటులో దానిని వాడండి. ఎర్రదీపం వెలిగినా, కాలిన వాసన వచ్చినా, బ్రేకు మెత్తబడినా మాత్రం నా తర్కాన్ని నమ్మక, బండి ఆపి మెకానిక్‌ను పిలవండి.

కనుమ నాడు మళ్ళీ అందరమూ అనంతగిరి దాకా వెళ్ళి వచ్చాము. డముకు మలుపులలో ఇంజను యథాప్రకారం అరిచింది. ఈసారి నా భార్య కళ్ళు మూసుకోలేదు. "అరిచేదే పడిపోకుండా పట్టుకుంటుందన్నమాట! మరి నేనరిస్తే విసుక్కుంటారేం?" అన్నది. దానికి మాత్రం నా తర్కంలో సమాధానం దొరకలేదు.